సికిల్ సెల్‌కు జీన్ చికిత్స కోసం పొలం అమ్మమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో గోదావరి ఒడ్డున ఉన్న పల్లె. మా బాబుకు తొమ్మిదేళ్లు. మూడేళ్ల కింద రక్తపరీక్ష చేసి సికిల్ సెల్, ఎస్ఎస్ ప్యాటర్న్ అన్నారు. చలికాలం వస్తే చాలు, కాళ్లూ చేతులూ నొప్పులని రాత్రంతా ఏడుస్తాడు. దవాఖానలో రోజూ వేయమని ఒక క్యాప్సూల్ ఇచ్చారు. అది క్యాన్సర్ మందని, మగపిల్లలకు వేస్తే రేపు సంతానం కలగదని చుట్టాలు చెప్తే రెండు నెలలుగా ఆపేశాం. అమెరికా యూనివర్సిటీల్లో జీన్‌ను కత్తిరించి ఈ జబ్బును పూర్తిగా నయం చేస్తున్నారని ఫోన్‌లో వీడియో చూశాను. మిర్చి వేసే రెండెకరాలు అమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. ఎక్కడికి వెళ్లాలి? ఇంకో మాట. మా పెద్దమ్మాయికి పంతొమ్మిదేళ్లు, దానిది ఏఎస్ ప్యాటర్న్ అన్నారు. నా బావమరిది కొడుకుకు ఇవ్వాలనుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా? – ఒక తండ్రి, సిరొంచ

జవాబు: పొలం అమ్మకండి. ఈ మాట ముందే చెప్తున్నాను, బేరం ఈ వారమే కుదిరిపోతుందేమోనని నాకు భయంగా ఉంది. ఆపేసిన క్యాప్సూల్ మాత్రం మళ్లీ మొదలుపెట్టాలి. అయితే ఇంట్లో ఉన్న డబ్బా తీసి ఈ రాత్రే వేసేయకండి. ఎలా మొదలుపెట్టాలో చివర్లో చెప్తాను.

మీరు చూసిన వీడియో అబద్ధం కాదు. అలాంటి చికిత్స నిజంగానే వచ్చింది. కానీ మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కోట్లు ఖర్చయ్యే ఆ చికిత్స ఒంట్లో ఏ పని కోసం పుట్టిందో, మీరు ఆపేసిన క్యాప్సూల్ ఇచ్చేదీ ఆ పని కోసమే. అదెలాగో తెలియాలంటే జబ్బు గురించి కొంచెం చెప్పాలి.

మీ బాబు రక్తం ఒక్క చుక్క గాజు పలక మీద వేసి, గాలి తగలకుండా మూసి, కాసేపాగి మైక్రోస్కోప్‌లో చూస్తే విషయం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మామూలు ఎర్రకణం నడుమ కాస్త గుంట పడిన బిళ్లలా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఎంత సన్నని రక్తనాళమైనా ముడుచుకుని జారిపోతుంది. మీవాడి కణాలు ఆక్సిజన్ తగ్గగానే రెండు కొసలూ మొనదేలి, వరి కోసే కొడవళ్లలా వంగి గట్టిపడిపోతాయి. ఎముకల్లోని సన్న నాళాల్లో ఒకదానికొకటి చిక్కుకుని దారి మూసేస్తాయి. రక్తం అందక ఆ చోట పుట్టేదే రాత్రంతా ఏడిపించే ఆ నొప్పి. చలికి నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి డిసెంబర్‌లో ఎక్కువవుతుంది. మే నెలలో నీళ్లు తాగక ఒళ్లు ఎండినా ఇదే జరుగుతుంది.

ఇది ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని 1949లో అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీలో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. అంతకు ఏడాది ముందు న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మ ఒక సంగతి గమనించింది. ఈ జబ్బుతో పుట్టిన బిడ్డలకు మొదటి కొన్ని నెలలు ఏ బాధా ఉండటం లేదు. కారణం, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. ఫీటల్ హిమోగ్లోబిన్ అంటాం. అది నిండుగా ఉన్నంతకాలం కణాలు వంగవు. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోతుంది, అప్పుడు జబ్బు బయటపడుతుంది. మీ బాబు పసివాడిగా ఉన్నప్పుడు ఎప్పుడైనా చేతివేళ్లు, పాదాలు వాచి గుక్కపెట్టి ఏడ్చాడేమో మీ ఇంటావిడను అడగండి. చాలామందిలో మొదటి గుర్తు అదే.

అప్పటినుంచి యూనివర్సిటీల్లో జరిగిన పనిలో పెద్ద భాగం ఒక్క ప్రశ్న మీదే: తగ్గిపోయిన ఆ పసినాటి హిమోగ్లోబిన్‌ను మళ్లీ ఎలా తెప్పించాలి?

బీసీఎల్11ఏ అనే జీన్ దానికి తాళం వేస్తోందని 2008లో బోస్టన్‌లోని హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. క్రిస్పర్ అనే కత్తెర లాంటి పద్ధతికి 2020లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియెర్‌లకు నోబెల్ వచ్చింది. ఆ కత్తెరతో ఈ తాళాన్ని తెరిచే చికిత్సే మీరు వీడియోలో చూసింది. కాస్జెవీ అనే పేరుతో 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చాయి. ప్రయోగంలో తగినంతకాలం గమనించిన 30 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి రాలేదు. ఇది చాలా పెద్ద విషయం. నొప్పితో మెలికలు తిరిగే పిల్లల పక్కన కూర్చుని తెల్లవార్లూ గడిపిన డాక్టర్‌గా ఆ ఫలితం చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు రెండో వైపు కూడా వినండి. ముందు రోగి రక్తంలోంచి మూలకణాలు, అంటే రక్తకణాలను పుట్టించే కణాలు, తీసి ల్యాబ్‌కు పంపుతారు. వాటిని మార్చి తెచ్చేసరికి నెలలు పడుతుంది. తర్వాత బుసల్ఫాన్ అనే గట్టి కీమో మందుతో ఎముక మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలు ఎక్కిస్తారు. వారాల తరబడి ఆస్పత్రి గది దాటి రాకూడదు. రేపు పిల్లలు పుట్టే శక్తి పోయే ముప్పు ఆ కీమోతో నిజంగానే ఉంది. క్యాప్సూల్ గురించి మీ చుట్టాలు దేనికి భయపడ్డారో ఆ ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ చికిత్సలోనే. పైగా అనుమతి మొదట ఇచ్చింది పన్నెండేళ్లు నిండినవాళ్లకు. అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్లకు పైమాటే. రెండెకరాల డబ్బు అందులో ఏ మూలకూ రాదు. మూలకణాలతో నయం చేస్తాం, అడ్వాన్సు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే దయచేసి పైసా కూడా ఇవ్వకండి.

మన దేశంలో కూడా ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చులో ఇలాంటి చికిత్స కోసం పనిచేస్తున్నారు. అది మీ బాబు దాకా వచ్చే రోజుకు వాడి కిడ్నీలు, ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతినకుండా ఉండాలి కదా. ఆ పని చేసేది క్యాప్సూలే.

దాని పేరు హైడ్రాక్సీయూరియా. అదీ ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచేదే, కాకపోతే నెమ్మదిగా, రోజూ వేసుకుంటూ. 1995లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన శామ్యూల్ చరాష్ నాయకత్వంలో 299 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనలో నొప్పులు దాదాపు సగానికి తగ్గాయి. ఎంత స్పష్టంగా తగ్గాయంటే, అనుకున్న గడువు కంటే ముందే ప్రయోగం ఆపేశారు. మీకు ఇంకా దగ్గరగా ఉండేది ఆఫ్రికాలో జరిగిన రీచ్ అనే అధ్యయనం. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో 1 నుంచి 10 ఏళ్ల పిల్లలు 606 మందికి ఈ మందు ఇచ్చి చూశారు. 2019లో ప్రచురించిన ఆ ఫలితాల్లో నొప్పులు సగానికి పైగా తగ్గాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది, మరణాలు మూడో వంతుకు పడిపోయాయి. మలేరియా కూడా సగానికి తగ్గింది. అడవి పక్కన, దోమల మధ్య బతికే మీ ప్రాంతం వాళ్లకు ఈ చివరి మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

క్యాన్సర్ మందేనా అంటే, అవును, కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో కూడా వాడతారు. అంతమాత్రాన మీ బాబుకు క్యాన్సర్ ఉన్నట్టు కాదు, రాబోతున్నట్టూ కాదు. సికిల్ సెల్ రోగులు దశాబ్దాలుగా వాడుతున్నారు, దీనివల్ల క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించలేదు. సంతానం సంగతి దాచకుండా చెప్తాను. పెద్ద మగవాళ్లలో మందు వాడుతున్నంతకాలం వీర్యకణాలు తగ్గవచ్చు. అసలు ఈ జబ్బే వాటిని తగ్గిస్తుంది. యుక్తవయసు రాకముందు వాడిన కుర్రాళ్లను తర్వాత పరీక్షిస్తే, మందు వల్ల అదనంగా నష్టం జరిగినట్టు తేలలేదు. పెళ్లీడు వచ్చాక ఈ విషయం డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు. మందుతో అసలు జాగ్రత్త వేరే ఉంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయేమో చూడటానికి మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి సీబీసీ పరీక్ష తప్పనిసరి. చాలామంది మందు తీసుకెళ్తారు, పరీక్షకు రారు. మీరలా చేయకండి.

కొత్తగా వచ్చిందల్లా మంచిదే అనుకోవద్దు. వాక్సెలోటార్ అనే మాత్ర 2019లో అమెరికాలో ఎంతో ఆశతో వచ్చింది. వాడినవాళ్లలో మరణాలు, ఇబ్బందులు ఎక్కువ కనిపిస్తున్నాయని 2024 సెప్టెంబర్‌లో కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు మీ ఇంటావిడకు ఒక పని చెప్తాను, ఇది కూడా యూనివర్సిటీ పరిశోధనలోంచి వచ్చిందే. ఈ జబ్బులో ఒక్కోసారి రక్తం హఠాత్తుగా ప్లీహంలోకి చేరి నిలిచిపోతుంది. ఊళ్లో కడుపులో బల్ల అంటారే, అది గంటల్లో పెరుగుతుంది, పిల్లవాడు పాలిపోతాడు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. జమైకాలో వెస్టిండీస్ యూనివర్సిటీ దగ్గర పనిచేసిన గ్రాహం సర్జెంట్ బృందం తల్లులకే ప్లీహాన్ని చేత్తో తడిమి చూడటం నేర్పింది. ఈ కారణంగా పోయే పిల్లల సంఖ్య దాదాపు పదో వంతుకు తగ్గింది. జమైకా పిల్లల్లో చిన్నతనంలోనే ప్లీహం కుంచించుకుపోతుంది. మన దగ్గర అలా కాదు. ఒడిశాలోని బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు సర్జెంట్‌తో కలిసి 1986లో ప్రచురించిన పరిశోధనలో, అక్కడి రోగుల్లో ప్లీహం చాలా ఏళ్లు పెద్దగానే ఉంటోందని తేలింది. అందుకే తొమ్మిదేళ్ల మీవాడి విషయంలో కూడా ఇది అవసరం.

బాబును వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొంచెం మడవమనండి. అమ్మ తన వేళ్లను బొడ్డు దగ్గరనుంచి ఎడమ పక్కటెముకల వైపు మెల్లగా జరపాలి, గుచ్చకూడదు. వాణ్ని గట్టిగా ఊపిరి పీల్చమంటే అంచున్న గడ్డ లాంటిది వేళ్లకు తగులుతుంది, లేదా ఏమీ తగలదు. తగిలితే పక్కటెముక నుంచి ఆ అంచు దాకా ఒక పుల్ల పెట్టి గీత గీసుకోండి. బాగున్న రోజు గీత అది. జ్వరం వచ్చినా, నీరసంగా పడుకున్నా మళ్లీ చూడాలి. గీత దాటి పెరిగితే, పెదవులు తెల్లబడితే తెల్లారేదాకా ఆగొద్దు. దగ్గర్లోని దవాఖానకు వెళ్లి, అక్కడ రక్తం ఎక్కించే వీలు లేకపోతే వంతెన దాటి మంచిర్యాల వైపైనా, ఇటు చంద్రపూర్ వైపైనా, ఏది త్వరగా చేరగలిగితే అక్కడికి వెళ్లండి. జ్వరం 101 దాటినా, ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అంతే.

మామూలు నొప్పికి పారాసిటమాల్, నీళ్లు, వేడి గుడ్డతో కాపడం. ఐస్ పెట్టకండి. చలికాలం పొద్దున్నే ప్రాణహిత, గోదావరి స్నానాలకు వాణ్ని దింపకండి. పండగైనా సరే, ఇంట్లో వేడినీళ్లు పోయండి. రక్తం తక్కువైందని ఐరన్ టానిక్ కొని తాగించడం మీ వైపు చాలా ఇళ్లలో చూశాను. పరీక్షలో ఐరన్ లోపం ఉందని తేలితే తప్ప వద్దు. డాక్టర్ రాసే ఫోలిక్ యాసిడ్ వేరు, అది వేయవచ్చు. స్కూల్లో మాస్టారికి ఒక్క మాట చెప్పండి, ఈ పిల్లలు నీళ్లు ఎక్కువ తాగాలి, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాలి, అడిగిన ప్రతిసారీ పంపాలి.

పూర్తిగా నయం చేసే దారి మన దేశంలోనే ఇంకొకటి ఉంది, ఎముక మజ్జ మార్పిడి. వెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల చేస్తున్నారు. దీనికి కూడా కీమో ఉంటుంది, ముప్పులు ఉంటాయి, ఖర్చు లక్షల్లో ఉంటుంది, అందరికీ అవసరమూ పడదు. తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. మీ పెద్దమ్మాయిది ఏఎస్ అయినా మజ్జ ఇవ్వడానికి అడ్డు లేదు. తమ్ముడికి సరిపోతుందో లేదో హెచ్ఎల్ఏ పరీక్షతో తెలుస్తుంది. క్యాప్సూల్ వాడినా నొప్పులు తగ్గకపోతే అప్పుడు ఈ మాట మీ డాక్టర్ దగ్గర ఎత్తండి.

ఇక ఆ అమ్మాయి పెళ్లి. ఏఎస్ అంటే జబ్బు కాదు, ఆ జీన్ అమ్మానాన్నల్లో ఒక్కరినుంచే వచ్చిందని అర్థం. ఇద్దరినుంచీ వస్తేనే మీ బాబుకున్న ఎస్ఎస్. మీరూ మీ ఇంటావిడా ఏఎస్ అయి ఉంటారు, ఇన్నాళ్లూ పొలం పని చేస్తూనే ఉన్నారు కదా. అమ్మాయికి ఏ లోటూ లేదు, ఆ మాట ముందు తనకే చెప్పండి, ఇలాంటి రిపోర్టు వచ్చిన ఆడపిల్లలు లోలోపల ఎంత కుమిలిపోతారో నాకు తెలుసు. చిక్కంతా మేనరికంతోనే. మీ ఇంటావిడకు ఆ జీన్ ఆమె అమ్మనుంచో నాన్ననుంచో వచ్చింది. అదే ఇంట్లో పుట్టిన మీ బావమరిదికీ సగానికి సగం అవకాశం ఉంది. అతనికి ఉంటే అతని కొడుక్కీ సగం. అబ్బాయిది కూడా ఏఎస్ అయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఎస్ఎస్ బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డ బాగా పుట్టినా రెండో కాన్పుకు లెక్క మళ్లీ అదే. కాబట్టి నిశ్చితార్థానికి ముందే అబ్బాయికి రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఉందో చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వాళ్లకు మీలాంటి జిల్లాల్లో పరీక్షలు చేస్తున్నారు. ఏఏ అని, అంటే ఆ జీన్ అసలు లేదని వస్తే నిశ్చింతగా పెళ్లి చేయండి. ఏఎస్ అని వస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి విషయం చెప్పి, నిర్ణయం వాళ్లనే తీసుకోనివ్వండి. పెళ్లి చేసుకోవాలనే అనుకుంటే, గర్భం వచ్చిన మూడో నెలలోనే బిడ్డకు పరీక్ష చేసే వీలు పెద్ద ఆస్పత్రుల్లో ఉంది.

సోమవారం బాబును మందు ఇచ్చిన దవాఖానకే తీసుకెళ్లండి. పాత రిపోర్టులు, మిగిలిన క్యాప్సూళ్ల డబ్బా సంచిలో వేసుకోండి. రెండు నెలలు ఆపామని దాచకుండా చెప్పండి, తిడతారేమోనని భయపడొద్దు. ముందు సీబీసీ చేసి, ఇప్పటి బరువు చూసి, డోసు వాళ్లు మళ్లీ రాస్తారు. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు, వారంలో నొప్పి వచ్చిందని మళ్లీ ఆపేయకండి. ఈ జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి సర్టిఫికెట్ గురించి కూడా అదే రోజు అడగండి. బస్సులో వాడికి స్వెటర్ వేయండి, నీళ్ల బాటిల్ మర్చిపోకండి.