సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్: నాన్నగారితో అయితే ఆదివారం వెళ్లండి

జూన్‌లో స్కాట్లాండ్ వస్తున్నామని, మీరు కొద్దిగా గోల్ఫ్ ఆడతారని, నాన్నగారు అసలు ఆడరని, ఇద్దరూ అక్కడి సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని పాత గోల్ఫ్ మైదానం, ఓల్డ్ కోర్స్‌కి వెళ్తే ఎలా ఉంటుందని అడిగారు. నేను అక్కడ ఒకసారి ఆడాను, ఇంకోసారి మా నాన్నగారిని తీసుకెళ్లాను.

నాన్నగారి కోసమైతే ఆదివారం వెళ్లండి. పెద్ద పోటీలుంటే తప్ప ఆ రోజు అక్కడ ఆట ఉండదు, ఊరివాళ్లకి అది పార్కు. టికెట్ లేదు, ఆపేవాళ్లు లేరు. మేం వెళ్లినప్పుడు ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ పోయే గడ్డిదారి) మీద కుక్కలు పరిగెడుతున్నాయి, ఒకావిడ చంటిపిల్లను బండిలో తోసుకుంటూ పోతోంది. మా నాన్నగారు కోర్స్‌లో వాగు మీదున్న పాత స్విల్కన్ వంతెన రాయిని చేత్తో తడిమి "ఇంత చిన్నదా!" అన్నారు. పొడవు ముప్పై అడుగులే మరి. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) వెనకున్న రాతి భవనం ఆర్ అండ్ ఏ అనే గోల్ఫ్ క్లబ్బుదే కానీ, నేల మాత్రం ఊరిది. ఆ గడ్డి మీద ఆడుకునే హక్కు జనానికి ఉందని 1552లోనే ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ పత్రం రాసిచ్చారు. నాకు ఆ కోర్స్ మీద ఇంత ఇష్టం అందుకే.

ఇక మీ ఆట. ఆడే అవకాశం లాటరీలో వస్తుంది. రెండు రోజుల ముందు ఆ డ్రాకి పేర్లివ్వాలి, ఇద్దరి నుంచి నలుగురి దాకా కలిసి. మీరు ఒక్కరే కాబట్టి ఒంటరివాళ్ల కోసం ముందురోజు తీసే డ్రా చూడండి. హ్యాండికాప్ సర్టిఫికెట్ (మీ ఆట స్థాయి చూపించే పత్రం) తప్పనిసరి. సీజన్‌లో ఫీజు 300 పౌండ్లు దాటుతుంది, కేడీకి (సంచి మోస్తూ ఆటలో సలహా ఇచ్చే మనిషికి) ఇచ్చేది వేరే. నాకు మూడో ప్రయత్నంలో పేరు తగిలింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మొదటి చూపుకి నిరాశ పడొద్దు. నీడనిచ్చే చెట్లు, చెరువులు ఉండవు. ఇసుక నేల, పొట్టి గడ్డి, ముళ్లపొదలు, గాలి. బంతి పడ్డచోట ఆగదు, గచ్చు మీద దొర్లినట్టు దొర్లుతుంది. అందుకే పైకి లేపకండి, గ్రీన్‌కి (హోల్, అంటే బంతి వేయాల్సిన గుంత, చుట్టూ ఉండే నున్నటి గడ్డికి) పాతిక గజాల అవతల నుంచైనా పట్టర్‌తోనే (బంతిని నేల మీద దొర్లించే కర్రతోనే) కొట్టండి. ఏడు గ్రీన్లు రెండేసి హోల్స్‌కి ఉమ్మడి, తెల్ల జెండా ఒకటి, ఎర్ర జెండా ఒకటి. ఏది మీదో చూసుకోవాలి.

బంకర్లు, అంటే ఇసుక గుంతలు, 112. చాలావరకు దగ్గరికొచ్చేదాకా కనపడవు. పదకొండో హోల్ దగ్గర నా బంతి స్ట్రాత్ బంకర్‌లో పడింది. ఎదురుగా గడ్డిపెళ్లలు ఇటుకల్లా పేర్చిన గోడ, నా ఛాతీ ఎత్తుంది. కేడీ ఏమీ అనకుండా వెనక్కి చెయ్యి చూపించాడు. అటే కొట్టాను, ఒక్క దెబ్బతో బయటపడ్డాను. నేరుగా కొట్టుంటే ఇంకా అక్కడే ఉండేవాణ్ణి. కేడీ ఖర్చు దగ్గర మాత్రం పొదుపు చూడకండి.

డ్రాలో రాకపోతే పక్కనే న్యూ కోర్స్ ఉంది. పేరుకే కొత్తది, 1895 నాటిది. నాన్నగారికి ‘హిమాలయాస్’ పట్టింగ్ గ్రీన్ చూపించండి. 1867లో మొదలైన మహిళల క్లబ్బుది, ఎత్తుపల్లాలతో ఉంటుంది. కొద్దిపాటి డబ్బు కడితే ఎవరైనా ఆడొచ్చు, వేళలు మాత్రం ముందే చూసుకోండి. మా నాన్నగారు జీవితంలో మొదటిసారి పట్టర్ పట్టుకుంది అక్కడే. గంటన్నర దాకా వదల్లేదు.

ఎడిన్‌బరో నుంచి లూకర్స్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. జూనే కదా అనుకోకండి, సముద్రం మీంచి పొగమంచు ఎప్పుడైనా కమ్ముకొస్తుంది. నాన్నగారికి స్వెటర్‌తో పాటు మంకీ క్యాప్ కూడా పెట్టండి.