విండోస్ అప్‌డేట్ వాయిదా వేస్తూ పోతే నిజంగా ప్రమాదమా?

అవును, ప్రమాదమే. అప్‌డేట్ అంటే కొత్త హంగులే అనుకుంటాం గానీ, అందులో అసలు ముఖ్యమైనది బయటపడ్డ లోపాలకు చేసే మరమ్మతు. అది విడుదలయ్యాక దాన్ని విప్పి చూసి, లోపం ఎక్కడుందో దొంగలూ కనిపెట్టగలరు.

2017 సంగతే చూడండి. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న మరమ్మతు ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ విరుచుకుపడింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనే పాకింది. ఫైళ్లకు తాళం వేసి, ఎర్రటి తెర చూపించి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ అప్‌డేట్ అప్పటికే వేసుకున్న కంప్యూటర్లలోకి మాత్రం ఆ దారిన రాలేకపోయింది.

కాబట్టి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, పాజ్ చేసి ఉంటే తీసేయండి. రీస్టార్ట్ అడిగితే రాత్రి పడుకునే ముందు చేసేయండి, చాలా అప్‌డేట్లు ఆ తర్వాతే పూర్తవుతాయి. బ్రౌజర్‌కూ ఇదే మాట. విండోస్ 10 అయితే దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11కి మారే వీలుందేమో చూడండి.

ఇంకొకటి, పిల్లల ఫొటోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాక కేబుల్ పీకేయండి. తగిలించే ఉంచితే, ఇలాంటి ప్రోగ్రామ్ వచ్చినప్పుడు దానికీ తాళం పడొచ్చు.