పార్కు గడ్డికి మందు కొట్టేముందు మాకు చెప్పరా?

ప్రశ్న: తిరుపతిలో మా కాలనీ పార్కుకు రోజూ మనవణ్ణి తీసుకెళ్తాను. పోయిన వారం గడ్డికి ఏదో మందు కొట్టారు. బోర్డు లేదు. వాడు అందులోనే ఆడాడు, రాత్రికి చేతులంతా దద్దుర్లు. పనివాళ్లను అడిగితే మందు పేరు తెలీదన్నారు. ముందుగా చెప్పమని అడిగే హక్కు మాకు లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు బాబును డాక్టరుకు చూపించండి. మందు కొట్టిన గడ్డిలో ఆడాడని చెప్పి, ఆ చీటీ దాచుకోండి. రేపు ఏ అర్జీకైనా అదే ఆధారం.

పార్కులో మందు కొట్టేముందు జనానికి చెప్పాలని 1968 నాటి పురుగుమందుల చట్టంలో సూటిగా ఒక సెక్షన్ లేదు. ఇది పెద్ద లోటే. కానీ ఆ చట్టం కింద వచ్చిన 1971 నియమాల ప్రకారం ప్రతి డబ్బాతో ఒక కరపత్రం రావాలి. విషం ఎక్కితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స అందులో ఉండాలి. లేబుల్ మీది రంగు కూడా విష తీవ్రతను చెబుతుంది: ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పేరు కూడా తెలియకుండా దాన్ని కొడుతున్న ఆ పనివాళ్లను తలచుకుంటే నాకు మరీ దిగులుగా ఉంది. వాళ్లకు రక్షణ దుస్తులు ఇవ్వాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి.

మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం 2005 నాటి సమాచార హక్కు చట్టం. పార్కు నగరపాలక సంస్థదో, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ)దో కనుక్కుని, అక్కడి పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. మందు పేరు, మోతాదు, కొట్టిన తేదీలు, లేబుల్ నకలు, కాంట్రాక్టరుతో ఒప్పందం అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే గడువు 48 గంటలే. దద్దుర్లను ఆ కోవలోకి తీసుకుంటారని మాత్రం మాట ఇవ్వలేను. చాలామందికి తెలియదు గానీ, ఈ చట్టం సెక్షన్ 2(జె) కింద ఆ మందు ధ్రువీకరించిన నమూనా కూడా అడగొచ్చు. జవాబు రాకపోతే, గడువు దాటిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఇక మీదట ఇలా జరగకూడదంటే కాలనీవాళ్లంతా సంతకాలు పెట్టి కమిషనరుకు అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వండి. ఒకరోజు ముందే గేటు దగ్గర మందు పేరు, తేదీ, ఎంతసేపు లోపలికి రాకూడదో రాసిన బోర్డు పెట్టాలనీ, ఆ సమయంలో గేటు మూసి ఉంచాలనీ స్పష్టంగా రాయండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

విష పదార్థాన్ని నిర్లక్ష్యంగా వాడి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 286 కింద కేసు పెట్టొచ్చు. ఇప్పుడే ఆ దారి వద్దు. ఆ కేసు ముందుగా మందు కొట్టిన కూలీ మెడకే చుట్టుకుంటుంది. ఆదేశం ఎవరిచ్చారో కాగితం మీద తేలాక ఆలోచిద్దాం. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు అడిగి తీసుకోండి.