25 ఏళ్లకి ఫ్రాటర్నిటీలో చేరితే నవ్వుతారా?

కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫరై 25 ఏళ్లకి జూనియర్‌గా (మూడో ఏడులో) చేరుతున్నానని, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య ఫ్రాటర్నిటీ (అమెరికా కాలేజీల్లో అబ్బాయిల సంఘం) రష్‌కి, అంటే వాళ్లు కొత్త సభ్యుల్ని ఎంచుకునే పరిచయ కార్యక్రమాలకి వెళ్తే నవ్వుతారేమోనని అడిగారు. నవ్వరండీ. నేను 24కి వెళ్లాను. నా వయసు ఎవరికీ పట్టలేదు. ఇంకా ఎన్ని సెమిస్టర్లు ఉంటావన్నదే అందరూ అడిగారు.

మాది విజయవాడ. పంతొమ్మిదేళ్లప్పుడు టెక్సస్ వచ్చాం. పగలు గ్యాస్ స్టేషన్‌లో పని, సాయంత్రం కమ్యూనిటీ కాలేజీ. రెండేళ్ల చదువు నాలుగేళ్లు సాగింది.

యూనివర్సిటీలో మొదటి ఫాల్ సెమిస్టర్‌లో పెద్ద మేడ ఉన్న ఓ పాత ఫ్రాటర్నిటీ రష్‌కి వెళ్లాను. మూడు రోజులు వాళ్ల బర్గర్లు తిన్నాను, అడిగినవాడికీ అడగనివాడికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాను. బిడ్ (మాలో చేరమనే పిలుపు) రాలేదు. ఎందుకో తర్వాత ల్యాబ్‌లో పరిచయమైన వాళ్ల సభ్యుడే చెప్పాడు. ఫ్రెష్‌మన్‌ని, అంటే మొదటి ఏడు కుర్రాణ్ణి తీసుకుంటే నాలుగేళ్లు డ్యూస్ (సభ్యత్వ రుసుము) కడతాడు, రెండో ఏడు ఆ ఇంట్లోనే అద్దెకుంటాడు, ఆ తర్వాత ఏదో ఒక పదవి నెత్తినేసుకుంటాడు. నాకు ప్లెడ్జ్ సెమిస్టర్ (పూర్తి సభ్యుడయ్యేముందు కొత్తవాడిగా గడిపేది) పోగా మిగిలేది మహా అయితే మూడు. గదులు నిండాలి కదా, నేను గిట్టుబాటు కాను. ఒళ్లు మండింది గానీ, వాళ్ల లెక్కలో తప్పు లేదు.

స్ప్రింగ్‌లో ఒక సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీకి వెళ్లాను. ఇలాంటివి ఉన్నాయని మనవాళ్లలో చాలామందికి తెలీదు. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లో, బీటా కై థీటా 1999లో యూసీఎల్‌ఏలో మొదలయ్యాయి. నేను చేరినదానికి సొంత ఇల్లు లేదు, కాబట్టి గదుల గొడవా లేదు. చేరడానికి అర్హత చూసేటప్పుడు మా క్యాంపస్‌లో ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లు ఒప్పుకున్నారు గానీ, జీపీఏ మాత్రం కొత్త కాలేజీదే చూశారు. మీ దగ్గర ఎలాగో ఫ్రాటర్నిటీల వ్యవహారాలు చూసే గ్రీక్ లైఫ్ ఆఫీసులో ముందే కనుక్కోండి, లేకపోతే ఒక సెమిస్టర్ ఊరికే పోతుంది.

నాకు ‘బిగ్ బ్రదర్’గా, అంటే కొత్తవాడికి దారి చూపే పాత సభ్యుడిగా ఇచ్చినవాడికి 20 ఏళ్లు. డాలస్‌లో పుట్టిన తెలుగబ్బాయి. మీటింగుల్లో నేను వాడి ‘లిటిల్’ని. వాళ్లింటికి భోజనానికి వెళ్తే మాత్రం వాళ్లమ్మ ఊరుకోదు, “అన్నా అని పిలవరా” అని కసిరేది. పప్పు వడ్డిస్తున్నంతసేపూ అన్నని, కారెక్కగానే మళ్లీ తమ్ముణ్ణి.

ఇక హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లని వేధించడం. మా అమ్మ దృష్టిలో ప్లెడ్జ్ అంటే ర్యాగింగే. మన దగ్గర దాన్ని ఆపడానికి 1997లో చట్టమే తేవాల్సి వచ్చింది కదా, ఆవిడ భయం ఊరికే కాదు. మన ఆసియా పిల్లలేలే అని ధీమాగా ఉండటానికీ లేదు. 2013లో న్యూయార్క్ బరూక్ కాలేజీ కుర్రాడొకడు పెన్సిల్వేనియా కొండల్లో ప్లెడ్జ్ తంతులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు, అదీ ఆసియన్ అమెరికన్ ఫ్రాటర్నిటీయే. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి. బిడ్ మీద సంతకం పెట్టేముందు మీ కాలేజీ వెబ్‌సైట్‌లో అవి చూడండి.

వయసు వల్ల నాకొచ్చిన చిక్కు ఒక్కటే. “నీకు 21 దాటాయిగా, బీరు నువ్వు తే” అన్నారు. టెక్సస్‌లో మైనర్లకి (21 నిండనివాళ్లకి) మద్యం కొనిస్తే ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాడిని, నాకెందుకీ పేచీ? తేనని ముఖం మీదే చెప్పాను. వారం రోజులు మూతి ముడుచుకున్నారు, అంతే. పద్దెనిమిదేళ్లప్పుడైతే ఆ మాట అనగలిగేవాణ్ణి కాదు.

ఇవేవీ నచ్చకపోతే ఆడా మగా ఇద్దరూ చేరగలిగే ఫ్రాటర్నిటీలూ ఉన్నాయి: సేవా కార్యక్రమాలకి ఆల్ఫా ఫై ఒమేగా, ఇంజనీరింగ్ వాళ్లకి థీటా టావ్.

డ్యూస్ చాలా చోట్ల వాయిదాల్లో కట్టనిస్తారు, నోరు తెరిచి అడగాలి. నేను అడగలేదు. మొదటి సెమిస్టర్ మొత్తం గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టులు చేసి ఒకేసారి కట్టాను, తీరా చూస్తే నా పక్కన కూర్చునే నలుగురూ వాయిదాల మీదే ఉన్నారు.