'ఫాస్ట్' పాఠం చెప్పబోయే ముందు

చిట్టితల్లీ,

వచ్చే వారం నుంచి పిల్లలకు ఇంగ్లీషు చెబుతావట, మొదటి పాఠం 'ఫాస్ట్' అట. మీ అమ్మ చెప్పగానే సంతోషం వేసింది, వెంటనే గుబులూ పుట్టింది. చూడ్డానికి పొట్టి మాటే గానీ గడుగ్గాయి.

వేగం అనే అర్థం మీద టైమ్ తగలెయ్యకు. ఫాస్ట్ బౌలర్, ఫాస్ట్ ట్రైన్ పిల్లలే నీకు చెబుతారు. ఫాస్టర్, ఫాస్టెస్ట్ అనాలి, 'మోర్ ఫాస్ట్' కాదు. ఇంతే.

ఆగాల్సింది 'ఫాస్ట్‌లీ' అనే తప్పు దగ్గర. ఇది నోట్లో పాతుకుపోయిందంటే ఉద్యోగాల ఇంటర్వ్యూల దాకా వెంటబడుతుంది, నా భయమంతా అదే. మనం ఏ మాటకైనా 'గా' తగిలిస్తే పనైపోతుంది కదా: మెల్లగా, చక్కగా, ఆఖరికి ఫాస్ట్‌గా. స్లోకి స్లోలీ, క్విక్‌కి క్విక్లీ చూసిన పిల్లాడు అదే లెక్కన ఫాస్ట్‌లీ అంటాడు. వాడి తర్కంలో లోపం లేదు, అందుకని కసరకు. నువ్వూ చిన్నప్పుడు ఇదే తర్కంతో గంటసేపు వాదించినదానివే! పాత ఇంగ్లీషులో క్రియావిశేషణానికి చివర ఒక చిన్న అచ్చు ఉండేది. అది అరిగి రాలిపోవడంతో విశేషణం, క్రియావిశేషణం రెండూ ఒకటే రూపమయ్యాయి. "ద ట్రైన్ ఈజ్ ఫాస్ట్", "ద ట్రైన్ రన్స్ ఫాస్ట్" పక్కపక్కన రాయించు.

హార్డ్, లేట్ కూడా ఈ జాతివే, పైగా వాటితో ఇంకా ప్రమాదం. లేట్‌లీ అంటే 'ఈ మధ్య'. హార్డ్‌లీ అంటే 'దాదాపు లేనట్టే'. కష్టపడేవాణ్ని మెచ్చుకుంటూ "హి హార్డ్‌లీ వర్క్స్" అన్నావో, వాణ్ని పనిదొంగను చేసినట్టే.

'లీ' మానిపించాక చోటు తప్పుతారు. మన వాక్యంలో క్రియ చివర కాబట్టి "హి ఫాస్ట్ స్పీక్స్ ఇంగ్లీష్" అని రాస్తారు. క్రియ, దాని కర్మ రెండూ అయ్యాకే ఫాస్ట్ రావాలి: "హి స్పీక్స్ ఇంగ్లీష్ ఫాస్ట్." క్విక్లీకి క్రియ ముందు కూడా చోటుంది, "షి క్విక్లీ క్లోజ్డ్ ద డోర్" అనొచ్చు. అక్కడ ఫాస్ట్ పెడితే కుదరదు.

క్విక్‌కీ దీనికీ తేడా అడుగుతారు. వేగంగా కదిలేది ఫాస్ట్, కాసేపట్లో అయిపోయేది క్విక్. కారు ఫాస్ట్, ఓసారి అలా చూస్తే అది 'క్విక్ లుక్'. 'ఫాస్ట్ లుక్' అనరు.

గడియారం సంగతి ఒక్క వాక్యంలో తేల్చెయ్. పది గంటలప్పుడు 10:05 చూపిస్తే "ఫైవ్ మినిట్స్ ఫాస్ట్". రోజూ కొంత ముందుకు జరుగుతుంటే దానికి 'గెయిన్స్' అనే వేరే క్రియ ఉంది.

ఇక అసలు గొడవ. ఈ మాటకు తొలి అర్థం వేగం కాదు, 'గట్టిగా, కదలకుండా'. అందుకే ఫాస్ట్ అస్లీప్ అంటే గాఢనిద్ర, పిల్లలు మాత్రం 'త్వరగా నిద్రపోయాడు' అని రాస్తారు. 'స్టక్ ఫాస్ట్' అంటే బిగుసుకుపోయిన తలుపు, 'కలర్‌ఫాస్ట్' అంటే ఉతికినా రంగు వదలని బట్ట. 'హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్' అంటే సడలింపు లేని నియమం, ఎక్కువగా 'అలాంటి నియమమేమీ లేదు' అని చెప్పేటప్పుడే వాడతారు. ఉపవాసం అనే అర్థం కూడా ఈ మూలం నుంచే వచ్చింది: నియమాన్ని గట్టిగా పట్టుకోవడం. ఆ ఉపవాసాన్ని విరిచేదే బ్రేక్‌ఫాస్ట్.

ఇవన్నీ మొదటి రోజే బోర్డు నిండా రాసేస్తావని తెలుసు, నీ ఉత్సాహం అలాంటిది. వద్దమ్మా. మొదటి రోజు వేగం, ఫాస్ట్‌లీ చాలు. చోటు, క్విక్, గడియారం రెండో రోజుకు. బిగుతు అర్థాలు వారం ఆగాక, అదీ రోజుకు రెండు, ప్రతిదీ పూర్తి వాక్యంలో పెట్టి.

వర్క్‌షీట్ అచ్చు వేయించే ముందు నాకోసారి పంపు. బిగించడం అనే అర్థమున్న 'ఫాసెన్'లో టీ రాస్తారు గానీ పలకరని అందులో పెట్టావో లేదో చూడాలి.

మీ పెదనాన్న