లేబర్ రూమ్‌లో తల్లి పక్కన నిలబడాలని ఉంది, దారి ఎటు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాన్పులు చేయించే మిడ్‌వైఫ్ చదువు గురించి అడిగినవే ఎక్కువ ఉన్నాయి, అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి ఇవే తీసుకున్నా. చాలా ఏళ్లు లేబర్ రూమ్‌లో చేసి, తర్వాత నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఈ విషయం మీద నాకు మాట్లాడాలని ఎప్పట్నుంచో ఉంది.

ప్రశ్న: సిస్టర్ గారూ, నాది ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌ల సీటు రాదని నాకు తెలుసు. మా అక్క కాన్పుకు నేనే తోడున్న. అక్కడ ఒక నర్సమ్మ రాత్రంత అక్కను లేపుకుంట, నడిపించుకుంట, నడుం రుద్దుకుంట నార్మల్ అయ్యేదాక ఇడ్శిపెట్టలే. నాకు గా పనే చేయాలని ఉంది. మా నాన్నతోని చెప్తే మంత్రసాని పని చేయడానికా నిన్ను ఇంత చదివించింది అంటుండు. కోర్సు ఎట్లుంటది, జీతం మంచిగ వస్తదా, నాన్నకు ఏం చెప్పాలె? – ఒక చెల్లె, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు చదువు సంగతి చెప్తా తల్లీ. మన దగ్గర ఈ దారి నర్సింగ్ మీదుగానే పోతుంది. నీది బైపీసీ కాబట్టి నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కి వెళ్లొచ్చు, లేదంటే మూడేళ్ల జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా చేయొచ్చు, ఏది చేసినా చివర్లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు రకాలుగానూ నీ పేరు రిజిస్టర్ అవుతుంది. తెలంగాణలో బీఎస్సీ అడ్మిషన్లు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చూస్తుంది, నోటిఫికేషన్ కోసం వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండు. ఆ తర్వాత ఒక రెండేళ్లు లేబర్ రూమ్‌లో పని చేస్తే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే కోర్సుకి అర్హత వస్తుంది, దాన్ని ఎన్‌పీఎం అంటారు, పద్దెనిమిది నెలలు ఉంటుంది. అంటే బీఎస్సీ మీదుగా పోతే ఏడున్నరేళ్లు, జీఎన్ఎం మీదుగా ఆరున్నర. ఎక్కువే, కానీ మధ్యలో నువ్వు జీతం తెచ్చుకుంటూనే ఉంటావు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం బిల్డింగు, బస్సు, హాస్టల్ చూసి మోసపోవద్దు. ఆ కాలేజీకి ఏ ఆస్పత్రి ఉంది, అక్కడ నెలకి ఎన్ని కాన్పులు అవుతాయి, స్టూడెంట్లని లేబర్ రూమ్‌లోకి పోనిస్తారా, ఇదే అడుగు. సీనియర్ అమ్మాయిలని పక్కకి పిలిచి అడిగితే నిజం చెప్తారు. కాన్పులే సరిగా లేని చోట చేరిన పిల్లలు వెనక వరసలో నిలబడి తొంగి చూసి, చేసిన కాన్పులు రాయాల్సిన కేస్ బుక్ మాత్రం పక్కవాళ్లది చూసి రాసుకుని పాసైపోతారు, తర్వాత ఉద్యోగంలో మొదటి రాత్రే చేతులు వణుకుతాయి. అలాంటి పిల్లల్ని నేను చూశాను, తప్పు వాళ్లది కాదు, వాళ్లకి నేర్పనివాళ్లది.

ఇక మీ నాన్నగారి మాట. మన ఊళ్లలో పురుళ్లు పోసింది ఎక్కువగా మంగలి, దళిత కులాల ఆడవాళ్లు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాళ్లు, బొడ్డు కోసేవాళ్లు, మాయ పాతిపెట్టేవాళ్లు, ఒక చీరా కాసిని గింజలూ తీసుకుని వెళ్లిపోయేవాళ్లు, ప్రాణం కాపాడిన ఆ చేతులనే మర్నాటి నుంచి అంటరానివిగా చూసేవాళ్లం. ఆ పని చిన్నదైందంటే చేసినవాళ్ల కులాన్ని చిన్నచూపు చూడబట్టే, నాన్నగారి మాటలో ఇప్పటికీ అదే ఉంది. దాన్ని నువ్వు మెత్తగా అయినా సరే ఒప్పుకోవద్దు.

ఆయనకి లెక్కలు చెప్తే వింటారనుకుంటే ఇవి చెప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వంద కాన్పులకి 60.7 ఆపరేషన్లే, దేశం మొత్తం మీద అది 21.5. తెలంగాణ ప్రైవేట్ ఆస్పత్రుల్లో అయితే 81.5. ఆంధ్రాలో 42.4. ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, అవసరమైన చోట అది చేయాల్సిందే, కానీ పదిమందిలో ఏకంగా ఆరుగురికి ఆపరేషన్ అవసరం పడటం అనేది ఉండదు. ముహూర్తం చూసి కోయించుకునేవాళ్లు కొందరు, నొప్పులంటే భయపడేవాళ్లు కొందరు, మొదటిది ఆపరేషన్ అయిందని రెండోదీ అంతే అనేవాళ్లు ఎందరో, అన్నిటికంటే పెద్ద కారణం మాత్రం నొప్పులు వచ్చే అమ్మాయి పక్కన గంటల తరబడి ఓపిగ్గా ఉండే మనిషి లేకపోవడం అని నేను నమ్ముతాను. మీ అక్క పక్కన ఆ సిస్టర్ ఉంది కాబట్టే నువ్వు చూసింది జరిగింది. మీకు దగ్గర్లోని కరీంనగర్‌లోనే 2017లో ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్లు, యూనిసెఫ్ కలిసి గవర్నమెంట్ నర్సులకి మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలుపెట్టారు, ఆ మరుసటేడు డిసెంబర్‌లో దేశం మొత్తానికీ కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది. అంటే ఇది సర్కారు కావాలని తయారు చేసుకుంటున్న ఉద్యోగం.

జీతం అడిగావు. తెలంగాణలో రెగ్యులర్ స్టాఫ్ నర్స్ పోస్టుకి స్కేలు 36,750 నుంచి మొదలవుతుంది. ప్రైవేట్‌లో కొత్తగా చేరినవాళ్లకి అందులో సగం కూడా ఇవ్వని చోట్లు చాలా ఉన్నాయి, అది ముందే తెలుసుకుని దిగు. చేరే ముందు ఇంకో మాట కూడా అడుగు, ఇక్కడ నార్మల్ కాన్పు సిస్టర్లు చేస్తారా లేక డాక్టర్ వచ్చేదాకా బీపీ రాస్తూ కూర్చోవాలా అని. రెండో రకం చోట ఎన్నేళ్లున్నా పని రాదు.

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండ జిల్లాలో గవర్నమెంట్ స్టాఫ్ నర్స్‌ని. ఎనిమిదేళ్లుగా లేబర్ రూమే. ఎన్‌పీఎంకి పేరు ఇవ్వమంటున్నారు. ఇద్దరు చిన్న పిల్లలు, ఇల్లు వదిలి అన్ని నెలలు ఉండాలంటే భయంగా ఉంది, పైగా ఇన్ని కాన్పులు చేశాక నాకు కొత్తగా నేర్పేది ఏముంటుంది? – ఒక స్టాఫ్ నర్స్

జవాబు: మీ చేతికి ఉన్న అనుభవం ఏ పుస్తకంలోనూ దొరకదు సిస్టర్, అది ముందు ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి మీ లేబర్ రూమ్‌ని గుర్తు చేసుకుని చూడండి. వెల్లకిలా పడుకోబెట్టడం, తొలిచూలు అంటే చాలు కింద కోత పెట్టేయడం, ఆలస్యమైతే పొట్ట మీద నొక్కడం, అరిస్తే తిట్టడం, తొడ మీద చరచడం, ఇవి చాలాచోట్ల ఇప్పటికీ రోజువారీ పనే. పొట్ట నొక్కొద్దని, అందరికీ కోత పెట్టొద్దని డబ్ల్యూహెచ్‌ఓ స్పష్టంగా చెప్పింది. గర్భసంచి ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టు లెక్క, గంటకి ఒక సెంటీమీటర్ చొప్పున తెరుచుకోవాలనే పాత రూలు అందరికీ వర్తించదు అని 2018లో వాళ్లే చెప్పారు, తొలిచూలు అమ్మాయికి అక్కడి నుంచి పన్నెండు గంటలు పట్టినా, తల్లీ బిడ్డా బాగుంటే అది మామూలే. మనం చదువుకున్న రోజుల్లో ఇది లేదు, అందుకే నాలుగు గంటలు చూసి కంగారుపడి డాక్టర్‌కి ఫోన్ చేసి ఆపరేషన్‌కి పంపేవాళ్లం.

ఎన్‌పీఎంలో నేర్పేది ఎక్కువగా ఆ ఓపికే, కాకపోతే ఊరికే కూర్చునే ఓపిక కాదు. నొప్పుల్లో బిడ్డ గుండె పావుగంటకో అరగంటకో వినడం, బిడ్డ కిందికి దిగుతున్నప్పుడు ఐదు నిమిషాలకోసారి వినడం, నొప్పుల్లో బాల్ మీద ఎలా కూర్చోబెట్టాలో, మోకాళ్ల మీద, పక్కకి తిరిగి, నిలబడి ఎలా కాన్పు చేయించాలో చేతితో చేసి నేర్చుకోవడం, బిడ్డ పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద వేసి బొడ్డుతాడు కనీసం నిమిషం ఆగి కట్టడం, నిమిషంలోపే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండలోకి ఇవ్వడం, రక్తం ఆగకపోతే ఒక్క క్షణం పోనీయకుండా ఏం చేయాలో మళ్లీ మళ్లీ డ్రిల్ చేయించడం. కవలలు, ఎదురుకాళ్లు, బీపీ, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లని ఎప్పుడు డాక్టర్ చేతికి అప్పజెప్పాలో కూడా అంతే గట్టిగా నేర్పుతారు, నా లెక్కలో అదే అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లోవాళ్లలో ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వమని 2016లోనే కేంద్రం చెప్పింది, మీ దగ్గర ఉండనిస్తున్నారా? లేకపోతే ట్రైనింగ్ దాకా ఆగక్కర్లేదు, రేపటి డ్యూటీ నుంచే మొదలుపెట్టొచ్చు.

పిల్లల సంగతి మీరే తేల్చుకోవాలి, అమ్మమ్మో నాయనమ్మో చూసే వీలుంటేనే వెళ్లండి, ఏడాది పాటు ట్రైనింగ్ సెంటర్‌లో ఉండాలి, మిగతా ఆరు నెలలు ఆస్పత్రిలో ప్రాక్టీస్. వెళ్లే ముందు మాత్రం జీతం ఎలా ఇస్తారో, తిరిగొచ్చాక లేబర్ రూమ్‌లోనే వేస్తారో లేదో ఆర్డర్ కాపీలో చూసుకోండి. అంత నేర్చుకుని వచ్చినవాళ్లని మళ్లీ సర్జికల్ వార్డుకి, ఓపీకి వేసిన సంగతులు విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నోటిమాట నమ్మొద్దు.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, మావారి ఉద్యోగం వల్ల ఇంగ్లాండ్ లీడ్స్ వచ్చాం. అక్కడ బీఎస్సీ నర్సింగ్ చేసి లేబర్ వార్డులో పనిచేశాను. ఇక్కడ మిడ్‌వైఫ్‌గా చేరొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: నేరుగా కుదరడం కష్టం అమ్మా. ఇంగ్లాండ్‌లో నర్సు వేరు, మిడ్‌వైఫ్ వేరు, వాళ్లని నమోదు చేసుకునే ఎన్ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) రిజిస్టర్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి, మన సర్టిఫికెట్ మీద ఆర్ఎన్ఆర్ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) అని ఉన్నంత మాత్రాన మిడ్‌వైఫ్ వైపు ఒప్పుకోరు. మనవాళ్లు ఎక్కువమంది ముందు అడల్ట్ నర్స్‌గా (పెద్దవాళ్లని చూసే నర్సు) సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసై రిజిస్టర్ అవుతారు. ఆ తర్వాత రిజిస్టర్డ్ అడల్ట్ నర్సులకి సుమారు రెండేళ్ల షార్ట్ మిడ్‌వైఫరీ కోర్సు కొన్ని యూనివర్సిటీల్లో ఉంటుంది, లేకపోతే మొదటి నుంచి మూడేళ్ల డిగ్రీ. అక్కడ స్టూడెంట్ 40 కాన్పులు స్వయంగా చేయించాలి, కేస్ బుక్ కాపీ కొట్టడాలు నడవవు. కొత్త మిడ్‌వైఫ్ అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల జీతాల మెట్లలో బ్యాండ్ 5లో మొదలై తర్వాత 6కి వెళ్తుంది. అప్లై చేసేముందు మీ వీసాతో ఫీజు లోకల్ వాళ్ల లెక్కనా, ఇంటర్నేషనల్ లెక్కనా అని యూనివర్సిటీని మెయిల్‌లో అడగండి, తేడా చాలా పెద్దది.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. నేను పార్వతీపురం మన్యం జిల్లాలో ఏఎన్ఎంని, వయసు 36. కొండ మీద ఊళ్ల నుంచి డోలీలో దించేలోపు దారిలోనే కాన్పులు అయిపోతుంటాయి. నేను పూర్తి మిడ్‌వైఫ్ అవ్వాలంటే వయసు దాటిపోయిందా? – ఒక ఏఎన్ఎం

జవాబు: దాటలేదు. జీఎన్ఎంకి మామూలుగా 35 ఏళ్ల పరిమితి ఉంటుంది కానీ రిజిస్టర్ అయిన ఏఎన్ఎంలకి ఆ వయసు అడ్డు లేదు. జీఎన్ఎం చేస్తే ఆ తర్వాత ఎన్‌పీఎం దారి నీకూ తెరుచుకుంటుంది. నీలాంటి చోట పనిచేసేవాళ్లు ఈ చదువుకి రావాలని నేను మరీ మరీ కోరుకుంటాను, ఎందుకంటే దారి మధ్యలో కాన్పు అయితే ఎలా ఉంటుందో నీకు తెలుసు, సిటీలో చదివిన పిల్లలకి తెలియదు.

ఈలోపు కాన్పులు చేయడం నేర్పే 21 రోజుల ఎస్‌బీఏ (స్కిల్డ్ బర్త్ అటెండెంట్) ట్రైనింగ్ నీకు అయ్యిందా? అవ్వకపోతే పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కి రాసి ఇవ్వు, అయినా ఏళ్లు గడిచి ఉంటే మళ్లీ పంపమని అడుగు. నెలలు నిండుతున్నవాళ్లని తేదీకి ముందే కిందికి దించి గర్భిణుల వసతి గృహంలో ఉంచేలా ఇంట్లోవాళ్లని ఒప్పించు, ఇంట్లో మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే వాళ్ల అసలు బెంగ కాబట్టి అక్కడి నుంచే మాట మొదలుపెట్టు. ఇక అడ్మిషన్ నోటిఫికేషన్ వచ్చేలోపు నీ ఏఎన్ఎం రిజిస్ట్రేషన్ రెన్యువల్‌లో ఉందో లేదో చూసుకో, డిపార్ట్‌మెంట్ నుంచి నో అబ్జెక్షన్ లెటర్‌కి ఇప్పుడే దరఖాస్తు పెట్టు, దానికే అన్నిటికంటే ఎక్కువ టైమ్ పడుతుంది.