చక్కెర మానేసినా పళ్లు ఎందుకు పుచ్చుతున్నాయి?

పాఠకుల ప్రశ్నలకు దంతవైద్యుని సమాధానాలు

ప్రశ్న: నా వయసు 36. ఏడాది క్రితం మిఠాయిలు, చాక్లెట్లు, శీతల పానీయాలు పూర్తిగా మానేశాను. ఆఫీసులో ఆకలేసినప్పుడు తినడానికి ఒక డబ్బాలో ఖర్జూరాలు, ఎండుద్రాక్ష, మరో డబ్బాలో తేనెతో చేసిన గ్రనోలా బార్లు పెట్టుకుంటున్నాను. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాను. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకుంటాను. అయినా ఈమధ్య పరీక్ష చేయించుకుంటే దవడ పళ్లలో మూడు పుచ్చినట్టు తేలింది. నేను చేస్తున్న పొరపాటు ఏమిటి?

జవాబు: మీ ఉత్తరంలో ఖర్జూరం కంటే, తేనె కంటే ముందుగా నా కళ్లు ఆగిన మాట 'గంటకోసారి'. మీ పళ్ల కథ చాలావరకు ఆ ఒక్క మాటలోనే ఉంది.

పంటిని అంటిపెట్టుకుని ఉండే పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా ఉంటాయి. మనం తిన్న చక్కెరే వాటికీ ఆహారం. అది మిఠాయి నుంచి వచ్చిందా, తేనె నుంచి వచ్చిందా, పండు నుంచి వచ్చిందా అన్న పట్టింపు వాటికి లేదు. చక్కెర అందిన కొద్ది నిమిషాలలోనే అవి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పాచిలో పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి దిగగానే పంటి పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. ఆ తరువాత లాలాజలం మెల్లగా ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలలో కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. ఈ కోలుకోవడానికి అరగంట నుంచి గంట వరకు పడుతుంది. 1940ల్లో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ దిగడాన్నీ ఎక్కడాన్నీ గీత గీసి చూపించాడు. దంతవైద్య విద్యార్థులు నేటికీ దానిని స్టీఫన్ వక్రరేఖ అనే చదువుకుంటారు. పీహెచ్ పైకి వచ్చీ రాకముందే మీరు ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకుంటున్నారు కనుక పని రోజంతా మీ పళ్లు కరుగుతూ ఉండడమే తప్ప, వాటికి మరమ్మతు చేసుకునే తీరిక దొరకడం లేదు. వినడానికి వింతగా ఉన్నా, ఆ డబ్బాలోవన్నీ మధ్యాహ్న భోజనంతో పాటు ఒకేసారి తినేస్తే మీ పళ్లకు ఇంతకంటే తక్కువ నష్టం జరిగేది.

రెండో సంగతి జిగురు. తాజా ద్రాక్షలో 100 గ్రాములకు సుమారు 16 గ్రాముల చక్కెర ఉంటే, నీరు ఇంకిపోయిన ఎండుద్రాక్షలో అది 60 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఖర్జూరమూ ఇంచుమించు అంతే. తేనెలోనైతే నూటికి 80 వంతులు చక్కెరలే. వీటిలో పీచు, ఖనిజాలు ఉన్న మాట నిజమే గాని, అవి పనికొచ్చేది కడుపులోకి వెళ్లాక. పంటి మీద ఉన్నంతసేపూ వాటి వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. ఒక గ్రనోలా బారు తిని, ఐదు నిమిషాలు ఆగి, అద్దం ముందు నోరు తెరిచి టార్చి వేసి చూడండి. దవడ పళ్ల గాళ్లలో గోధుమరంగు ముద్ద ఇంకా కూరుకునే ఉంటుంది. ఆ గాళ్లలో కొన్ని బ్రష్షు కుచ్చు పోగు కంటే సన్నం. అందువల్ల మీరు ఎంత శ్రద్ధగా తోమినా పోగులు అడుగుదాకా దిగవు.

స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే సంస్థలో 1945 నుంచి 1953 వరకు మానసిక వైకల్యం ఉన్నవారికి రకరకాల తీపి పదార్థాలు పెట్టి వారి పళ్లను గమనించారు. వారి అంగీకారంతో పని లేకుండా జరిగిన ఆ ప్రయోగాన్ని ఇవాళ ఎవరూ సమర్థించరు, నేనూ సమర్థించను. అయితే అందులో తేలిన విషయం మాత్రం మీకు నేరుగా వర్తిస్తుంది. భోజనంతో పాటు తీసుకున్న చక్కెర వల్ల పిప్పిపళ్లు కొద్దిగానే పెరిగాయి. భోజనాల మధ్య పదేపదే తిన్న జిగురు టాఫీల వల్ల విపరీతంగా పెరిగాయి.

ఖర్జూరం మానేయమని నేను చెప్పను. భోజనం చివర తినండి, వెంటనే నీళ్లు పుక్కిలించండి. మధ్యలో ఆకలేస్తే ఏమీ కలపని బాదం, వాల్‌నట్, వేరుశనగ వంటి గింజలు గాని, చీజ్ ముక్క గాని తినవచ్చు. చీజ్ నమిలితే లాలాజలం ఊరుతుంది, అందులోని కాల్షియం, ఫాస్ఫేట్ పంటికి పనికివస్తాయి. ప్యాకెట్ మీద 'చక్కెర కలపలేదు' అని ఉంటే తయారీలో విడిగా చక్కెర వేయలేదని మాత్రమే అర్థం. పండులో సహజంగా ఉండే చక్కెర అందులో ఉండనే ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలలో, రోజువారీ శక్తిలో 10 శాతానికి మించకుండా, వీలైతే 5 శాతం లోపే ఉంచమన్న చక్కెరల లెక్కలో తేనెను, పండ్ల రసాలను కూడా చేర్చింది.

మీ మూడు పళ్లలో గుంట పడినవాటికి ఫిల్లింగ్ తప్పదు. ఇంకా తెల్లమచ్చ దశలోనే ఉన్నది ఏదైనా ఉంటే, ఫ్లోరైడ్ వాడకంతో, ఈ గంటకోసారి అలవాటు మానడంతో అది అక్కడితో ఆగిపోయే అవకాశం ఉంది. 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. తోముకున్నాక నురగ ఉమ్మేయండి చాలు, నీళ్లతో పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

ప్రశ్న: మూడేళ్లుగా ఉదయం లేవగానే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం కలుపుకుని తాగుతున్నాను. పళ్లకు పులుపు పట్టకూడదని తాగిన వెంటనే బ్రష్ చేస్తాను. ఇప్పుడు చల్లని నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి. పిప్పి ఏమీ లేదన్నారు. మరి ఎందుకిలా?

జవాబు: ఇక్కడ బ్యాక్టీరియా ప్రమేయం లేదు. నిమ్మరసం పీహెచ్ 2కీ 3కీ మధ్య ఉంటుంది. నీళ్లు కలిపినా ఎనామిల్ తట్టుకునే హద్దుకు అది బాగా దిగువనే నిలుస్తుంది. పులుపు తగిలిన ఎనామిల్ పైభాగం కొంతసేపు మెత్తబడుతుంది. మీరు సరిగ్గా అప్పుడే బ్రష్షుతో దానిని అరగదీస్తున్నారు, పళ్లు జివ్వుమంటున్నది అందుకే. జాగ్రత్త పడాలనుకుని చేసిన పనే పళ్లను అరగదీస్తున్నదని చెప్పవలసి రావడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ నిమ్మనీళ్ల సీసా పక్కన పెట్టుకుని ఉదయమంతా గుక్క గుక్కగా తాగేవారు. ఆమె పై ముందుపళ్ల అంచులు గాజుముక్కలా పలచబడి, వెనకనుంచి దీపం వేస్తే వెలుతురు ఇవతలికి కనిపించేది.

అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు కనుక ఉన్నదానిని కాపాడుకోవాలి. ముందు బ్రష్ చేసి ఆ తరువాత తాగండి, లేదా తాగాక మామూలు నీళ్లు పుక్కిలించి కనీసం అరగంట, వీలైతే గంట ఆగి బ్రష్ చేయండి. తాగేదేదో ఒక్కసారిగా తాగేయండి. పుల్లటి పండ్లతో చేసే స్మూతీలకూ ఇదే వర్తిస్తుంది. మీకు పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట కూడా ఉంటే వైద్యునికి చెప్పండి. కడుపులోని ఆమ్లం పైకి తన్నినా పళ్లు, ముఖ్యంగా పై పళ్ల లోపలివైపు, ఇలాగే అరుగుతాయి.

ప్రశ్న: మా అయిదేళ్ల పాపకు మిఠాయిలు అలవాటు చేయలేదు. ఉప్పు క్రాకర్లు, పండ్ల రసం ఇస్తాను. రాత్రి పడుకునే ముందు పళ్లు శుభ్రపడతాయని యాపిల్ ముక్క తినిపిస్తాను. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: క్రాకర్ ఉప్పగా ఉంటుంది గాని, అందులోని పిండిపదార్థాన్ని లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ నోట్లోనే చక్కెరగా విడగొడుతుంది. పైగా నమిలిన క్రాకర్ ముద్దగా మారి పంటికి అతుక్కుంటుంది. పండ్ల రసానికి బదులు పండే ఇవ్వండి. దాహానికి నీళ్లు చాలు.

యాపిల్ మంచి పండే, దానిని పగలు పెట్టండి. నమలడం వల్ల పంటి పాచి వదలదు, పళ్ల సందుల్లోది అసలే వదలదు. యాపిల్‌లోనూ చక్కెర, పులుపు రెండూ ఉంటాయి, నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది, పాలపళ్ల ఎనామిల్ శాశ్వత దంతాలదాని కంటే పలచన. కాబట్టి రాత్రి బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఏదీ ఇవ్వకండి. ఈ వయసు పాపకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు సరిపోతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్షు మీ చేతిలోనే ఉండాలి. పాప తానే తోముకుంటానని మారాం చేస్తే ముందు తోమనివ్వండి, ఆ తరువాత మీరు మరోసారి తోమండి.